ఆరుగురూ ఒకే ఇంటివాళ్ళలా వినిపించాలి: ఇరాకీ కుటుంబం నాటకానికి నటుల ఎంపిక, నా అనుభవం

నాటకంలో పాత్రలు ఆరు. ఊరు బాగ్దాద్, పేట కర్రాదా, సంవత్సరం 1996. కువైట్ మీద దాడి చేసినందుకు 1990 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి పెట్టిన ఆంక్షలు అప్పటికి ఆరేళ్ళుగా నడుస్తున్నాయి. ఇంట్లో బామ్మ, కాలేజీలో పాఠాలు చెప్పే తండ్రి, తల్లి, పద్దెనిమిదేళ్ళ కూతురు, పదేళ్ళ కొడుకు, సైన్యంలోంచి బయటికొచ్చి ఖాళీగా ఉన్న బాబాయి. జీతం రాళ్ళు ఎటూ చాలక తండ్రి వారం వారం కొన్ని పుస్తకాలు ముతనబ్బీ వీధిలో శుక్రవారం సంతకి పట్టుకెళ్ళి అమ్మేసి వస్తుంటాడు. స్క్రిప్టు ఇంగ్లీషులో ఉంటుంది. మధ్యమధ్యలో ఇరాకీ అరబ్బీ మాటలు 140 దాకా వస్తాయి.

వేసింది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో. 2025 జనవరిలో ఆడిషన్లు, ఏప్రిల్ చివర్లో ప్రదర్శనలు. నాది స్టేజ్ మేనేజర్ పని. ఎంపిక రోజుల్లో ఫారాలు, టైము, తలుపు దగ్గర పిలుపు, ఆ తర్వాత ఫోన్లు అన్నీ నా నెత్తినే. ఎవరిని తీసుకోవాలన్నది డైరెక్టర్ ఇష్టం. ఈ వైపు ట్రాయ్‌లో, నోవైలో, కాంటన్‌లో ఉండి నాటకాల పిచ్చి ఉన్న తెలుగువాళ్ళకి, ఇలాంటి పని నెత్తికెత్తుకోబోయే ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

డెట్రాయిట్ చుట్టుపక్కల ఇరాకీలకి కొరత లేదు, కాబట్టి నటులు ఇట్టే దొరుకుతారనుకుంటే పొరపాటే. ఇక్కడి ఇరాకీల్లో పెద్ద భాగం కల్దీయులు. తెలుగు బైబిలు చదివినవాళ్ళకి ‘కల్దీయుల ఊరు’ తెలిసిన మాటే. ఇప్పటి కల్దీయులు మాత్రం ఉత్తర ఇరాక్‌లో నినెవే మైదానంలోని తెల్‌కేఫ్, అల్కోష్ లాంటి ఊళ్ళనుంచి వచ్చిన కాథలిక్కులు. ఇంట్లో మాట్లాడేది సూరెత్, అంటే అరమాయిక్ నుంచి వచ్చిన భాష. చాలామంది తమని అరబ్బులు అనుకోరు. డియర్‌బార్న్ వైపు వెళితే సద్దాం హుస్సేన్ మీద 1991లో జరిగిన తిరుగుబాటు అణచివేత తర్వాత సౌదీలోని రఫ్హా శిబిరంలో ఏళ్ళ తరబడి ఉండి ఇక్కడికి చేరిన దక్షిణాది షియా కుటుంబాలు కనిపిస్తాయి. అదే డియర్‌బార్న్‌లో లెబనీయులు, యెమెనీలు కూడా ఎక్కువ. స్టేజీ అనుభవం ఉన్న అరబ్బీ నటుల్లో మాకు ఎక్కువమంది లెబనీయులే తగిలారు. సరిగ్గా 1996 నాటి బాగ్దాద్ మధ్యతరగతి ఇంట్లో వినిపించే మాట కావాలంటే మాత్రం పదిమందిలో ఒకరి దగ్గర కూడా ఉండదు.

మనవైపు లెక్కలో చెప్పాలంటే, అమలాపురంలో ఒక ఇంటి కథ. తల్లి గోదావరి మాట, తండ్రి కరీంనగర్ మాట, బామ్మ చిత్తూరు మాట మాట్లాడుతుంటే ప్రేక్షకుడు కథ వదిలేసి వీళ్ళకి పెళ్ళిళ్ళు ఎలా కుదిరాయా అని ఆలోచిస్తాడు. డెట్రాయిట్‌లో హాల్లో కూర్చునేవాళ్ళలో సగం మంది ఇరాకీలే. వాళ్ళ చెవికి ఇది మొదటి నిమిషంలోనే దొరికిపోతుంది.

అందుకే ప్రకటన రాయకముందే తేల్చుకోవాల్సింది యాస సంగతి. ఇంటివాళ్ళు తమలో తాము మాట్లాడుకునే ఇంగ్లీషుని ‘అరబ్బీ’ అనుకోమని ప్రేక్షకుణ్ణి ఒప్పిస్తున్నాం. అలాంటప్పుడు ఆ ఇంగ్లీషుకి విదేశీ యాస ఎందుకుంటుంది? సొంత ఇంట్లో సొంత భాషని ఎవరూ తడబడుతూ మాట్లాడరు. కాబట్టి ఇంగ్లీషంతా నటుడికి సహజంగా వచ్చినట్టే ఉండాలి, అరబ్బీ మాటలు మాత్రం అచ్చమైన బాగ్దాద్ మాటలా ఉండాలి అని డైరెక్టర్ తేల్చారు. ఇది ముందు తేల్చకపోతే ఏమవుతుందో ఇంకో నాటకంలో చూశాం: ఆడిషన్‌కి వచ్చిన ప్రతివాడూ సినిమాల్లో టెర్రరిస్టు యాస అందుకుని చదివాడు. అసలు గొంతు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియకుండానే సాయంత్రం అయిపోయింది.

ప్రకటనలో మొదటి చిత్తుప్రతిలో ‘అరబ్ నటులు కావలెను’ అని ఉంది. అది తీసేశాం. కల్దీయులు ఆ మాట చూసి పక్కకి తప్పుకుంటారు, కుర్దులు, తుర్క్‌మెన్లు కూడా అంతే. ‘ఇరాక్‌తో కుటుంబ సంబంధం ఉన్నవాళ్ళని, ఇరాకీ అరబ్బీ వినడం అలవాటున్నవాళ్ళని ప్రత్యేకంగా ఆహ్వానిస్తున్నాం, అనుభవం అక్కర్లేదు’ అని మార్చాం. ప్రతి పాత్రకీ ‘వయసు’ అని కాకుండా ‘ఆడగల వయసు’ అని పెట్టాం: తల్లి 38–48, బాబాయి 28–36, ఇలా. అరబ్బీలో కూడా ఒక పోస్టర్ వేశాం. అది పత్రికల అరబ్బీలో రాయించకుండా బాగ్దాద్ వాడుకలోనే, పైన పెద్దక్షరాల్లో ‘శకూ మాకూ’ అని పెట్టి రాయించాం. ‘ఏంటి సంగతులు’ అని ఇరాకీలు పలకరించుకునే మాట అది. బేకరీ అద్దం మీద ఆ రెండు మాటలు చూసి నవ్వుకుని ఆగినవాళ్ళే ఎక్కువ.

ఫారం సంగతి జాగ్రత్తగా చూసుకోవాలి. మిషిగన్‌లో 1976 నాటి ఇలియట్-లార్సెన్ పౌరహక్కుల చట్టం ప్రకారం పనిలోకి తీసుకునేటప్పుడు మతం, పుట్టుక, వయసుతో పాటు ఎత్తు, బరువు విషయంలో కూడా వివక్ష చూపకూడదు. మాది చిన్న పారితోషికం ఇచ్చే నాటకమే అయినా ఆ గీత దాటలేదు. కొలతలు ఎంపికయ్యాక కాస్ట్యూమ్స్ వాళ్ళు తీసుకుంటారు. ‘మీరు ఇరాకీయా, ఏ మతం’ అని అడగం. ‘ఏ భాషలు, ఏ ప్రాంతపు మాట మాట్లాడగలరు’ అని అడుగుతాం. పాత్రకి కావలసింది అదే. సున్నీనా షియానా అన్న ప్రశ్న ఎవరి నోటా, సరదాకి కూడా రాకూడదని లోపల కూర్చునేవాళ్ళందరికీ ముందే చెప్పాం. 2006, 2007ల్లో బాగ్దాద్ చెక్‌పోస్టుల దగ్గర గుర్తింపు కార్డు మీద పేరు చూసి మనుషుల్ని చంపిన కాలం ఇక్కడ చాలామందికి నిన్నటి సంగతి.

ఫారంలో ‘అవును, కాదు, మాట్లాడుకుందాం’ అని మూడేసి గళ్ళతో ఇంకో ఆరు ప్రశ్నలు పెట్టాం: అవతలి పాత్రధారిని కౌగిలించుకోవడం, చెంపదెబ్బ తినడం, నకిలీ సిగరెట్టు పట్టుకోవడం, స్టేజీ మీద తాగినట్టు నటించడం, తల కప్పుకోవడం లేదా కప్పు తీయడం, హాలంతా చీకటై పెద్ద శబ్దం రావడం. తల కప్పు ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ మొత్తం సీను దాని మీదే నిలబడొచ్చు. ఇంట్లో భర్త, పిల్లలు, అత్తగారి ముందు ఇరాకీ తల్లులు మామూలుగా హిజాబ్ కట్టుకుని కూర్చోరు. పాత్రధారిణి మాత్రం హాల్లో రెండొందల మంది పరాయివాళ్ళ ముందు ఉంటుంది. రోజూ హిజాబ్ వేసుకునే ఆవిడని తల్లి పాత్రకి తీసుకోవాలంటే ఆ పేచీ ఎలా తీరుతుందో ముందే మాట్లాడుకోవాలి. వంటగదిలో పనిచేసే ఆడవాళ్ళు కట్టుకునే తలగుడ్డ ఒక దారి. రిహార్సల్ మూడోవారంలో ఈ మాట బయటపడితే మాత్రం ఎవరో ఒకరు నొచ్చుకుని వెళ్ళిపోతారు.

ఆన్‌లైన్ కాస్టింగ్ సైట్లలో జాతి గడి నొక్కి వెతకడం వల్ల పెద్దగా ఒరిగింది లేదు. అమెరికా ప్రభుత్వ లెక్కల్లో మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా వాళ్ళకి విడిగా గడి పెట్టాలని నిర్ణయించింది 2024 మార్చిలోనే. అంతవరకు వాళ్ళంతా ‘తెల్లవాళ్ళ’ కిందే లెక్క. పాత ప్రొఫైళ్ళన్నీ అలాగే ఉన్నాయి. యూనియన్ నటుల్ని తేవాలంటే ఈక్విటీ (అమెరికాలో స్టేజీ నటుల సంఘం) ఒప్పందం కావాలి, అది మా బడ్జెట్‌లో లేదు. వీసా మీద ఉన్నవాళ్ళ విషయం ఇంకొకటి. హెచ్1బీ మీద ఉన్న మనవాళ్ళకి నాటక బృందం నుంచి పారితోషికం తీసుకునే అనుమతి లేదు, చిన్న మొత్తమే కదా అంటే కుదరదు. ఆశ్రయం కోసం దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకి పని అనుమతి కార్డు చేతికి వచ్చిందా లేదా చూసుకోవాలి. ఇదంతా ఫారంలోనే ఒక వరుసలో తేల్చేశాం.

ఇక రెండు శనివారాలు మొదటి వడపోత. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు, గంటకి ఏడుగురు. మిగిలిన పది పదకొండు నిమిషాలు ఆలస్యాలు తినేస్తాయి. ఐదేసి నిమిషాలు పెట్టిన బృందాలున్నాయి గానీ, ఇక్కడ సగంమంది ఎప్పుడూ స్టేజీ ఎక్కనివాళ్ళు. వాళ్ళ చేతుల వణుకు తగ్గడానికే రెండు నిమిషాలు పడుతుంది. చదవాల్సిన భాగం ఒకటిన్నర పేజీ, వారం ముందే పంపించాం. ఏ సీన్ ఇవ్వాలన్న దానిమీద పెద్ద చర్చే జరిగింది. నాటకంలో అందరికీ గుర్తుండే ఘట్టం ఆమిరియ్యా షెల్టర్ గురించి బామ్మ చెప్పేది. 1991 ఫిబ్రవరి 13న అమెరికా బాంబులు పడి నాలుగొందలమందికి పైగా జనం చనిపోయిన చోటు అది. ఆ పేజీలు ఆడిషన్‌కి పంపొద్దని పట్టుబట్టాం. అలాంటివాటిలో సొంతవాళ్ళని పోగొట్టుకున్న మనిషి ఫ్లోరోసెంట్ లైట్ల కింద, ముగ్గురు అపరిచితుల ముందు, పార్టు కోసం దాన్ని చదవాల్సి రాకూడదు. పైగా ఏడుపు సీన్లో నటన తెలియదు, అందరూ ఏడుస్తారు. దానికి బదులు రేషన్ సీన్ ఇచ్చాం.

ఆ సీన్‌లో పెద్దగా ఏమీ జరగదు. నెల రేషన్ వచ్చింది: పిండి, బియ్యం, పంచదార, టీ పొడి, నూనె, సబ్బు. పిండిలో ఏదో కలిసి నల్లగా ఉంది. తల్లి దాన్ని జల్లెడ పడుతూ పంచదార ఎన్ని రోజులొస్తుందో లెక్క వేస్తుంటుంది. చెప్పకుండా ఒక పుస్తకం అమ్మేసి వచ్చిన తండ్రి ఆ డబ్బు ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటాడు. మన రేషన్ షాపు క్యూలో నిలబడ్డవాళ్ళకి ఈ సీన్ విడమరిచి చెప్పక్కర్లేదు. కాకపోతే మనవాళ్ళకి ఇందులో ఒక గొయ్యి ఉంది. పేటలో రేషన్ పంచేవాణ్ణి ఇరాక్‌లో ‘వకీల్’ అంటారు, అంటే ఏజెంటు అని. ‘వకీల్ వచ్చాడు’ అన్న వాక్యాన్ని ఒక తెలుగు కుర్రాడు, తర్వాత ఒక పాకిస్తానీ నటుడు, ఇద్దరూ ఇంటిమీదికి కోర్టు కేసేదో వచ్చినట్టు గాభరాగా చదివారు! తప్పు వాళ్ళది కాదు, మేమే పేజీ అడుగున అర్థం రాయాల్సింది. రెండో శనివారానికి రాశాం.

దక్షిణాసియా నటుల గురించి ఇక్కడే చెప్పేస్తాను. ‘మనమూ గోధుమరంగే కదా, ఎవరు కనిపెడతారు’ అనే మాట మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వినిపిస్తూనే ఉంటుంది. ఇరాకీ ప్రేక్షకులు కనిపెడతారు. అదీ రంగు చూసి కాదు, నాలుక ఎక్కడ ఆనుతుందో విని. అరబ్బీ ‘త, ద’లు దంత్యాలు, తెలుగు వాటికి దగ్గరే. అమెరికాలో పెరిగిన మన పిల్లలు ఇంగ్లీషు అలవాటు మీద ‘ట, డ’ చేసేస్తారు. ‘నువ్వు’ అన్నదానికి ‘ఇంత’ అనాలి, ‘ఇంట’ అంటారు. ‘ఖోశ్’ అంటే మంచిది. హైదరాబాద్ ‘ఖుష్’కి దగ్గరి చుట్టమే, ఇద్దరికీ పారసీ నుంచి వచ్చింది. అందులో మొదటి హల్లు గొంతులో రాపిడితో రావాలి. మనవాళ్ళు ‘కోశ్’ అంటారు, లేకపోతే ‘ఖ’ని ఒత్తి పలుకుతారు. రెండూ తప్పే. ‘నా కన్నా’ అని ముద్దుగా పిలిచే ‘ఐనీ’లో మొదట్లో గొంతు బిగిసే ధ్వని ఒకటుంది, దానికి మన లిపిలో అక్షరమే లేదు. మరోవైపు ఈజిప్టు వాళ్ళకి అలవాటు లేని ‘చ’ మనకి పుట్టుకతో వచ్చింది. ఇరాకీలో అది కావాలి. ఆరు వారాల్లో ఇవన్నీ నేర్పొచ్చు, కానీ ఒకరికైతేనే. ఆరుగురు నేర్చుకునేవాళ్ళు ఒకే ఇంట్లో ఉంటే అది ఇల్లులా వినిపించదు.

మాటల పరీక్ష ఎలా పెట్టామంటే: కాగితం మీద ఏమీ ఇవ్వలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఎవరి ఉచ్చారణ వాళ్ళు తెచ్చుకుంటారు. బాగ్దాద్‌లో పెరిగిన ఒక పెద్దావిడ గొంతులో పన్నెండు మాటలు రికార్డ్ చేసి, ఒక్కోటి మూడుసార్లు వినిపించి, తిరిగి అనమన్నాం. హస్సా అంటే ఇప్పుడు, బాచిర్ అంటే రేపు, శినూ అంటే ఏంటి, అరీద్ అంటే నాకు కావాలి, హ్వాయా అంటే చాలా, తిమ్మన్ అంటే బియ్యం, ఇలాంటివి. ఇవన్నీ ఇరాక్ గుర్తులు. లెబనీయులు ‘నాకు కావాలి’కి ‘బద్దీ’ అంటారు, ఈజిప్టువాళ్ళు ‘ఆయెజ్’ అంటారు. తర్వాత ఆ మాటల్నే కోపంగా, ఆ తర్వాత గుసగుసగా అనమన్నాం. అసలు పరీక్ష అదే. ప్రశాంతంగా ఉన్నప్పుడు అందరూ చక్కగా అనుకరిస్తారు. గొంతు పెరిగేసరికి మంచి లెబనీయ నటుడు ‘హస్సా’ మరిచిపోయి తన ‘హల్లా’కి జారిపోయాడు. దక్షిణాది ఇరాకీ కుర్రాడు కోడిని ‘దిజాజ’ అనకుండా ‘దియాయ’ అన్నాడు, అక్కడ ‘జ’ని ‘య’ చేస్తారు. మోసుల్ మూలాలున్న ఒకావిడ ‘గిలిత్’ (అన్నాను) అనాల్సినచోట ‘కెల్తు’కి దగ్గరగా, గొంతు లోపలి ‘క’తో అంది, పైగా ‘ర’ని గొంతులో గరగరలాడించింది. వీళ్ళెవరూ తప్పు మాట్లాడలేదు. ఎవరి ఇంటి మాట వాళ్ళది. మా పట్టికలో ‘తప్పు’ అన్న గడి లేదు. ‘బాగ్దాద్ మాట ఉంది’, ‘చెబితే పట్టుకుంటారు’, ‘కోపంలో జారుతుంది’ అని మూడే.

పిలుపుల సంగతి స్క్రిప్టులోనే సరిచేయాల్సి వచ్చింది. పిల్లాడు ‘అంకుల్’ అంటాడు. తండ్రి తమ్ముడైతే ‘అమ్ము’ అనాలి, తల్లి తమ్ముడైతే ‘ఖాలు’ అనాలి. బాబాయికీ మావయ్యకీ తేడా తెలిసిన భాషలో పుట్టినవాళ్ళకి ఈ అనుమానం వెంటనే వస్తుంది, ఇంగ్లీషులో చదివేవాళ్ళకి తట్టదు. ఎంపికకీ దీనికీ సంబంధం ఏంటంటే, బాబాయి ఎవరి ముఖాన్ని, ఎవరి గొంతుని పోలి ఉండాలన్నది ఆ ఒక్క మాటతో తేలిపోతుంది. అలాగే తల్లి పదేళ్ళ కొడుకుని ‘యుమ్మా’ అని పిలుస్తుంది, అంటే అమ్మా అని. అమెరికన్ నటులు ఇది అచ్చుతప్పు అనుకున్నారు. మనం కొడుకుని ‘నాన్నా’ అంటాం, కూతుర్ని ‘అమ్మా’ అంటాం, అక్కడ తల్లి తన పిలుపునే బిడ్డకి పెడుతుంది. అది సహజంగా నోటికొచ్చిన నటి, పేజీ మీద అర్థం వెతుక్కున్న నటి ఎవరో నాలుగు సెకన్లలో తెలిసిపోయింది.

కాల్‌బ్యాక్‌కి, అంటే రెండో వడపోతకి, పధ్నాలుగుమందిని పిలిచాం. టీ పరీక్ష పెట్టింది అప్పుడే. ఇరాకీ టీ గ్లాసుని ఇస్తికాన్ అంటారు, నడుము సన్నగా, పిడి లేకుండా, అరచేతిలో ఇమిడిపోయేంత ఉంటుంది. కింద కెటిల్‌లో నీళ్ళు మరుగుతుంటే దాని మీద చిన్న కూజాలో డికాషన్ ఊరుతుంది. తల్లి పాత్రకి వచ్చిన ముగ్గురికీ వేడి టీ, ఆరు గ్లాసులు, ఆరు సాసర్లు, ట్రే ఇచ్చి, రేషన్ సీన్‌లోని మాటలు చెబుతూ పోసి అందరికీ ఇవ్వమన్నాం. నిజంగా వేడిది. చల్లటిదైతే చెయ్యి అబద్ధం చెబుతుంది. ఒకావిడ గ్లాసుని మధ్యలో పట్టుకుని చురుక్కుమనగానే డైలాగ్ ఆపేసింది. రెండో ఆవిడ మంచి నటి, చేతులూ బాగున్నాయి, కానీ అందరికీ సమానంగా పంచదార వేసింది. మూడో ఆవిడ అంచు దగ్గర రెండువేళ్ళతో పట్టుకుని, అత్తగారికి ముందు ఇచ్చి, పిల్లాడి గ్లాసులో రెండో చెంచా వేసి, తన గ్లాసులో అసలు వేయకుండా చెంచా మాత్రం గలగలా తిప్పింది. ఎవరూ చెప్పలేదు. డైరెక్టర్ పెన్ను కింద పెట్టేశారు. (ఆరిన టీ మేమే తాగాం. ఇరానీ చాయ్ సాసర్‌లో పోసుకుని తాగే హైదరాబాదీకి అది శిక్షేం కాదు.)

బామ్మ పాత్రని ఇరాకీలో ‘బీబీ’ అంటారు. అన్నిటికన్నా కష్టం అదే. డెబ్బై దాటిన ఇరాకీ ఆడవాళ్ళు కాస్టింగ్ సైట్లలో ఉండరు. చర్చి హాళ్ళు, మసీదు వంటశాలలు, మిఠాయి కొట్లు తిరిగాం. చాలామంది ‘ఐబ్’ అన్నారు. పరువు తక్కువ అని. కొందరికి వద్దన్నది కొడుకులు. జనవరి మంచులో పెద్దవాళ్ళని రప్పించడం కూడా న్యాయం కాదు కాబట్టి వాళ్ళ ఇంటి దగ్గరికే మేం వెళ్ళాం, లేదా మనవరాలి ఫోన్‌లో వీడియో తీయించాం. స్క్రిప్టు చదివించలేదు. ‘దోల్మా (ఆకుల్లో బియ్యం చుట్టి చేసే వంటకం) ఎలా చుడతారు, మీ అత్తగారు చుట్టినదానికీ మీదానికీ తేడా ఏంటి’ అని అడిగి నాలుగు నిమిషాలు వినేవాళ్ళం. అందులో అత్తగారిని అనుకరిస్తూ గొంతు మార్చినవాళ్ళు నటులే, పేరు వేరంతే. చివరికి దొరికినావిడ కల్దీయురాలు, నలభై ఏళ్ళు బాగ్దాద్‌లో ఉన్నారు, మాట అచ్చం కర్రాదాది. ఇంగ్లీషు చదవడం తక్కువ. ఆవిడ కోసం స్క్రిప్టుని పదహారు పాయింట్ల అక్షరాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క అరబ్బీలో వేశాం, రెండు పొడుగు డైలాగుల్ని మూడేసి ముక్కలు చేయమని రచయితని అడిగాం, వేదికకి ఉన్న నాలుగు మెట్ల పక్కన పట్టుకోడానికి కమ్మీ పెట్టించాం.

కాల్‌బ్యాక్‌లో మొదటి గంట మేం చేసిన తప్పు తండ్రితో మొదలుపెట్టడం. పెద్ద పాత్ర, మంచి నటుడు, వెంటనే మనసులో ఖాయం చేసేసుకున్నాం. దాంతో మిగతా అందరినీ ఆయనకి అతికించాల్సి వచ్చింది, ఎవరూ అతకలేదు. విరామంలో ఫొటోలు నేలమీద పరిచి తిరగేశాం: దొరకడం కష్టమైన బీబీ, పిల్లాడు ముందు, వాళ్ళకి తల్లి, తల్లికి తండ్రి, తండ్రికి బాబాయి, చివర కూతురు. ఈ వరుసలో ఒక్కో బృందాన్ని ఎనిమిది నిమిషాల చొప్పున తొమ్మిదిసార్లు మార్చి చదివించాం. ఒకరికొకరు అడ్డుపడి మాట్లాడటం, మాట పూర్తికాకముందే జవాబు అందుకోవడం ఎక్కడ వచ్చిందో అక్కడ టిక్కు పెట్టాం. ఒక బృందం చదువుతుండగా నేను కళ్ళు మూసుకుని విన్నాను, తలుపు అవతల పక్కింటివాళ్ళ గొడవలా వినిపించింది. ఆ ఆరుగురే ఎంపికయ్యారు. అందులో తండ్రి లెబనాన్‌లో పుట్టినాయనే. ‘కోపంలో జారుతుంది’ గడిలో ఉన్నాయన. మాట నేర్పే కోచ్ గంటలన్నీ దాదాపు ఆయనకే ఖర్చయ్యాయి. బాబాయి దక్షిణాది కుర్రాడు, ‘దియాయ’ మానిపించడానికి రెండు వారాలు పట్టింది. కోడి అన్న మాట వచ్చేది ఒకేచోట కాబట్టి సరిపోయింది.

పిల్లాడి పాత్రకి మాత్రం ఇంకో పిల్లాణ్ణి కూడా తీసుకుని ఇద్దర్నీ మార్చి మార్చి ఆడించాం. బడి ఉన్న రాత్రుల్లో పదేళ్ళవాణ్ణి పదింటిదాకా ఉంచకూడదు. ఇద్దరి ఎత్తూ దగ్గరగా ఉంటే ఒకే చొక్కా సరిపోతుంది, అంతకుమించి అందులో చెప్పుకోడానికి ఏమీ లేదు.

తేదీల విషయంలో ఎంపికకి ముందే కాలెండర్ ముందు పెట్టుకోవాలి. 2025లో రంజాన్ మార్చి 1న మొదలైంది. డెట్రాయిట్‌లో ఆ రోజు సూర్యాస్తమయం ఆరున్నర లోపే. మార్చి 9న గడియారాలు గంట ముందుకి జరగడంతో ఇఫ్తార్ ఒక్కరాత్రిలో ఏడున్నరకి వెళ్ళిపోయింది. మొదటి వారం ఏడింటికి పెట్టిన రిహార్సల్ రెండో వారంలో ఎనిమిదిన్నరకి మార్చుకోవాల్సి వచ్చింది. ఇది ముందుగా ఆఫర్ కాగితంలోనే రాశాం కాబట్టి గొడవ రాలేదు. కల్దీయుల లెంట్ (ఈస్టర్‌కి ముందు ఉపవాసాల కాలం) కూడా అదే నెలలో. ఈస్టర్ ఏప్రిల్ 20 కాబట్టి ఆ వారం ప్రదర్శన పెట్టకుండా 25కి జరిపాం. మార్చి 30న ఈద్, అదే రోజు ఉగాది. ఆరోజు రిహార్సల్ ఉందా అని ఒక్కరు కూడా అడగలేదు.

ఆఫర్ ఫోన్లు ఒకే సాయంత్రం, బీబీకి మొదట, తండ్రికి ఆఖర్న చేశాను. అందరూ ఒప్పుకున్నాకే కుదరనివాళ్ళకి చెప్పడం మొదలుపెట్టాం, ఒక్కరు కాదన్నా ఆ వరుసలో తర్వాతవాళ్ళు ఇంకా మనకి దక్కాలి కదా. అందరికీ ఫోనే, ఈమెయిల్ కాదు. చర్చిలో, కొట్లో మళ్ళీ ఎదురుపడే మనుషులు. కార్యక్రమ పత్రంలో పేరు ఎలా వేయాలో అదే ఫోన్‌లో అడిగాం. ఇద్దరు ఇంటిపేరు వద్దన్నారు. బాగ్దాద్‌లో ఇంకా బంధువులున్నారు. ఒకావిడ ‘ఉమ్ యూసుఫ్’ అని వేయమన్నారు, అంటే యూసుఫ్ వాళ్ళమ్మ. మన పల్లెల్లో ఫలానావాడి అమ్మ అనే పిలుపు లాంటిదే, అక్కడ మాత్రం అది మర్యాద పేరు. ఫొటో కూడా ఎవరు అడిగితే వాళ్ళదే వేశాం.

మొదటి చదువు రోజుకి ప్రతివాళ్ళ ఫోన్‌లోకీ 140 ఆడియో ముక్కలు చేరాయి. ఒకటి నుంచి నూట నలభైదాకా నంబర్లు, స్క్రిప్టు అంచున అదే నంబరు. పెద్దావిడ గొంతులోవే, ప్రతి మాటా రెండుసార్లు: ఒకసారి మామూలుగా, ఒకసారి కోపంగా.